ఇస్త్రీ బల్ల కింది రోగి

గూడు తలుపు తీయగానే మూడు కోడిపిల్లలు ఒకదాని మీద ఒకటి పడుతూ పెరట్లోకి దూకాయి. నాలుగోది రాలేదు.

టైలరు మాస్టారు అక్కడే ఆగిపోయాడు. రోజూ అయితే ఆ నాలుగోదే అందరికంటే ముందు వస్తుంది. ఒంట్లో చిన్నది, ఆకల్లో పెద్దది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని గూట్లోకి తల దూర్చాడు.

మూలన మెత్త మీద ఉంది బొత్తాం. ఈకలన్నీ ఉబ్బించుకుని ఉన్ని ఉండలా ముడుచుకుంది. రెక్కలు కిందికి వేలాడుతున్నాయి. పేరు పెట్టి పిలిస్తే ఒక కన్ను తెరిచింది, ఆయన్ని చూసింది, మళ్ళీ మూసేసింది. నన్నిలా వదిలెయ్యవయ్యా అని మనిషి కూడా అంత స్పష్టంగా చెప్పలేడు.

ఆయన ఆ వీధిలో ఏళ్ళ తరబడి ప్యాంట్లూ చొక్కాలూ కుడుతున్నాడు. కోళ్ళ పెంపకం మాత్రం ఇదే మొదలు. అస్తరు గుడ్డ తెమ్మని భార్య బజారుకు పంపితే, అట్టపెట్టెలో నాలుగు కోడిపిల్లలతో తిరిగొచ్చాడు. అస్తరు మర్చిపోయాడు. ఆవిడ పెట్టెలోకి తొంగి చూసి, వీటిని ఏ కోటు లోపల వేసి కుడతారని అడిగింది. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ ఇంట్లో దాన్ని ఒప్పుకోవడం కిందే లెక్క.

పేర్లు ఆయనే పెట్టాడు. మెడ చుట్టూ తెల్ల ఈకలున్నది కాలరు. ప్రతి సందులోనూ దూరేది జేబు. పొడుగ్గా సాగినట్టుండేది బెల్టు. గుండ్రంగా, చిన్నగా, చేతిలోంచి జారితే ఇక దొరకనిది బొత్తాం. పేరు పెట్టినదాన్ని ఎవరూ కొయ్యలేరని, కాబట్టి ఈ పేర్ల పని ముందుచూపు లేని పనని ఆయన అత్తగారు అభిప్రాయపడింది. ఆవిడ కూతురి దగ్గరే ఉంటుంది. అభిప్రాయాలు కూడా ఆవిడతోనే ఉంటాయి. కొయ్యడమనే మాట ఈ ఇంట్లో వినపడకూడదని మాస్టారు అప్పుడే ఆజ్ఞ వేశాడు. పొద్దస్తమానం గుడ్డ కోసే టైలరు ఇంట్లో ఆ ఆజ్ఞ ఎలా నిలుస్తుందో తనకు అర్థం కావడం లేదని అత్తగారు అంది.

అసలు చిక్కు వేరే ఉంది. పెరడు ఇంటి ఓనరుది.

ఓనరు పై అంతస్తులో ఉంటాడు. ఆయన బాల్కనీ నిండా పంజరాలు, పంజరాల నిండా రంగురంగుల పిట్టలు. ఒకప్పుడు ఎక్కడినుంచో అంటురోగం వచ్చి ఆ పంజరాలన్నీ ఒక్క వారంలో ఖాళీ అయ్యాయి. ఆయన మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. అప్పటినుంచీ చుట్టుపక్కల ఏ పక్షి తుమ్మినా ఆయన గుండె జారిపోతుంది. కోడిపిల్లలకు చోటిస్తూ ఒక మాట తీసుకున్నాడు. ఒక్కదానికి జబ్బు చేసినా నాలుగూ వెళ్ళిపోవాలి.

మాస్టారు ఆనాటి సంబరంలో తల ఊపేశాడు. ఇప్పుడు గూటి ముందు మోకాళ్ళ మీద కూర్చుంటే ఆ తలే బరువుగా ఉంది.

బొత్తాంను తీసి చొక్కా లోపల పెట్టుకున్నాడు. పైన చెయ్యి అడ్డం పెట్టుకుని, బాల్కనీ కిందుగా, గోడ వారగా నడిచాడు. ఓనరు పైన పంజరాలు కడుగుతున్నాడు. నాలుగడుగులు వేస్తే తలుపు.

"ఏంటి మాస్టారూ, పొద్దున్నే కడుపు పట్టుకున్నారు?"

"అరగలేదండీ," అన్నాడు మాస్టారు, నడక ఆపకుండా.

చొక్కాలో బొత్తాం ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. మామూలుగా అయితే పొడిచి పొడిచి గుండీలు ఊడగొట్టేది. ఆ నిశ్శబ్దమే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది.

ముందుగదే ఆయన కొట్టు. రెండు కుట్టుమిషన్లు, కత్తిరింపుల బల్ల, గోడవారన ఇస్త్రీ బల్ల. బడులు తెరిచే రోజులు కావడంతో ఎటు చూసినా నీలం రంగు యూనిఫాం గుడ్డే. భార్య కిటికీ దగ్గర కూర్చుని కాజాలు కుడుతోంది. ఇంట్లో అన్నిటికంటే వెచ్చని చోటు ఇస్త్రీ బల్ల కింద. అక్కడ అట్టపెట్టె పెట్టాడు. కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కల్లోంచి మెత్తనివి ఏరి, చేత్తో నలిపి చూసి, మందంగా పరిచాడు. బొత్తాంకు మెత్త వెయ్యడం ఆయనకు కొత్త కాదు. గూట్లో మిగతా మూడూ కర్ర మీద వరసగా ఎక్కి పడుకునేవి. చిన్నదాన్ని పక్కకు తోసేసేవి. అది కింద పడుకోవాల్సి వస్తోందని, దానికోసం ప్రత్యేకంగా రోజూ కొత్త ముక్కలు పరుస్తూ వచ్చాడు.

దిండు కూడా కుట్టెయ్యకపోయారా అంది భార్య, సూది ఆపకుండా. ఆ ఆలోచన ఆయనకూ వచ్చింది.

మేత గిన్నె ఒకటి, నీళ్ళ గిన్నె ఒకటి పక్కన పెట్టి పనిలో పడ్డాడు. పనిలో పడ్డాడన్న మాటే గానీ, మిషను తొక్కుతూ బల్ల కిందికి చూడటమే సరిపోయింది. ఆ పొద్దు ఒక నిక్కరు రెండు కాళ్ళూ కలిపి కుట్టేశాడు. విప్పి మళ్ళీ కుట్టాడు.

మధ్యాహ్నం అద్భుతం జరిగింది. బొత్తాం తల ఎత్తింది. మెడ చాచి, పెట్టెలో కిందికి ముక్కు పెట్టి, టక్ మని పొడిచింది. ఆగింది. మళ్ళీ పొడిచింది.

తింటోందని మాస్టారు లోపలికి కేక పెట్టాడు. భార్య వచ్చి చూసింది. వంటింట్లోంచి అత్తగారు కూడా వచ్చి చూసింది. ముగ్గురూ బల్ల ముందు వంగి ఉండగా, ఒక తండ్రి తన పిల్లాడి యూనిఫాం కోసం వచ్చి, ఏం పోయిందండీ వెతుకుతున్నారని అడిగాడు. ఏమీ పోలేదు, దొరికిందన్నాడు మాస్టారు. ఆ పిల్లాడి చొక్కాకు ఆ పూట అడగకుండానే లోపలి జేబు ఒకటి కుట్టి ఇచ్చాడు.

సంబరం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. బొత్తాం మళ్ళీ ముడుచుకుంది. ఈసారి తల కూడా వాల్చేసింది. ఎత్తి పట్టుకుంటే మెడ ఒకవైపుకి సాగింది, నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంది.

అత్తగారు వెనక నిలబడి అంతా చూసింది. ఆవిడ గొంతు ఎప్పటికంటే మెత్తగా ఉంది. అదే ఎక్కువ కలవరపెట్టింది.

"అల్లుడుగారూ, తెగులు తగిలిన కోడి ఇలాగే తల వాలుస్తుంది. ఎటూ బతికేది కాదు. ఈలోగా మనమే దాన్ని..."

"ఆ మాట పూర్తి చెయ్యకండి అత్తయ్యా."

ఆవిడ పూర్తి చెయ్యలేదు. పూర్తి చేసినట్టే ఉంది.

సరిగ్గా ఆ సమయానికే ఓనరు వచ్చాడు. ఆ మధ్య బూడిదరంగు ప్యాంటు పొడుగైందని కాళ్ళు పొట్టి చెయ్యడానికి ఇచ్చి వెళ్ళాడు. అది తీసుకోవడానికి వచ్చాడు. మాస్టారు ఆయనకూ ఇస్త్రీ బల్లకూ మధ్య నిలబడి, ఎన్నడూ లేనిది వాతావరణం గురించి మాట్లాడాడు. భార్య ప్యాంటు మడిచి చేతిలో పెట్టింది. ఓనరు గుమ్మం దాకా వెళ్ళాడు.

బల్ల కింద నుంచి సన్నగా ఒక మూలుగు వినిపించింది.

పిట్టలు పెంచేవాడి చెవి అది. వెనక్కి తిరిగాడు, వంగాడు, చూశాడు. లేచేటప్పటికి ఆయన మొహంలో రక్తం లేదు. అరవలేదు. అరిచినా బాగుండేదని మాస్టారు అనుకున్నాడు.

"రేపు సాయంత్రం బుట్ట పట్టుకుని కోళ్ళవాడు వస్తాడు. నాలుగింటినీ ఇచ్చెయ్యండి మాస్టారూ. మీరు మాటిచ్చారు."

అంతే. మెట్లెక్కి వెళ్ళిపోయాడు. పైన బాల్కనీలో పంజరాలను ఒక్కొక్కటే లోపలి గదిలోకి మార్చుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

మర్నాడు తెల్లారగానే మాస్టారు మేత అమ్మే కొట్టతనికి ఫోన్ చేశాడు. అతను సగం నిద్రలో ఉన్నాడు. కోడిపిల్ల ఈకలు ఉబ్బించిందా, రెక్కలు వాల్చిందా, నీళ్ళు తాగుతోందా అని వరసగా అడిగాడు. అన్నిటికీ అవునో కాదో చెప్పాక, అవి ఏ జబ్బుకైనా ఉండే లక్షణాలేనని, వాటితో ఏమీ తేలదని ఆవులిస్తూ అన్నాడు. మాస్టారు ఫోన్ పెట్టెయ్యబోతుంటే ఇంకో మాట చెప్పాడు. గొంతు కింద, రొమ్ము పైన మేత సంచి ఉంటుంది. కోడి తిన్నది ముందు అందులోకి చేరుతుంది. రాత్రంతా మెల్లగా కిందికి దిగిపోతుంది. కాబట్టి పొద్దున్నే మేత పెట్టకముందు తడిమి చూస్తే అది ఖాళీగా ఉండాలి.

మాస్టారు పెరట్లోకి పరిగెత్తాడు. కాలరును పట్టుకుని గొంతు కింద వేళ్ళు పెట్టాడు. చదునుగా ఉంది. జేబు కూడా అంతే. బెల్టు కాసేపు పరిగెత్తించి గానీ దొరకలేదు. దానికీ ఖాళీయే.

లోపలికి వచ్చి బొత్తాంను ఒళ్ళో పెట్టుకున్నాడు. గుడ్డ చేత్తో పట్టుకుంటే అందులో ఎంత నూలుందో చెప్పగల వేళ్ళు ఆయనవి. ఆ వేళ్ళు గొంతు కింద ఆగిపోయాయి.

గట్టిగా, గుండ్రంగా, గోలీకాయంత ఉండ. వేలితో నొక్కితే అటూ ఇటూ కదులుతోంది గానీ మెత్తబడటం లేదు.

అంటే ఇది తెగులు కాదు. తెగులైతే లోపల ఉండ ఎందుకుంటుంది? ఏదో అడ్డం పడింది. అది దిగటం లేదు, పైనుంచి వచ్చేదాన్ని దిగనివ్వటం లేదు. మాస్టారుకు ఒక్కసారిగా ఊపిరాడింది. మేత ఎక్కువ తినేసిందేమో అనుకుంటూ పెట్టెలో గిన్నె బయటికి తీశాడు.

గిన్నెలో మేత పెట్టింది పెట్టినట్టే ఉంది. ఒక్క గింజ కూడా తగ్గలేదు.

మరి నిన్న మధ్యాహ్నం అది తిన్నదేమిటి?

ఆ ప్రశ్నను పక్కన పెట్టి ముందు మేడెక్కాడు. ఇది అంటురోగం కాదని, గొంతులో అడ్డం పడిందని ఓనరుకు చెప్పాడు. ఓనరు గది తలుపు సగమే తెరిచాడు. ఆ సందులోంచే విన్నాడు. మాస్టారు డాక్టరు చదువు ఎప్పుడు చదివాడో తనకు తెలియలేదని, తెలిస్తే ప్యాంట్లు ఇంకెవరికైనా ఇచ్చేవాణ్ణని అన్నాడు. చివరకు ఒక్క సడలింపు ఇచ్చాడు. డాక్టరు నోటి నుంచి ఆ మాట వస్తే వింటాడు. సాయంత్రం లోపల రావాలి. బుట్ట మాత్రం వస్తుంది.

కిందికి దిగేసరికి భార్య నూనె గిన్నె, చెంచా పట్టుకుని తయారుగా ఉంది. రెండు చుక్కలు వేసి మెల్లగా నిమిరితే ఉండ జారుతుందేమో చూద్దామంది. ఆయన మేడ మీద ఉండగా ఆవిడ మేత కొట్టతనికి మళ్ళీ ఫోన్ చేసి తెలుసుకున్న సంగతి అది. ఆయన పట్టుకున్నాడు. ఆవిడ ఎడంచేత్తో ముక్కు తెరిచింది. చెంచా సగం దారిలో ఆగిపోయింది.

"ఏవండీ. కదలకండి."

ఆవిడ కిటికీ వైపు తిరగమంది. వెలుతురు నోట్లో పడింది. నాలుక కింద నుంచి, గొంతులోకి దిగుతూ, వెంట్రుకలా సన్నగా ఏదో మెరిసింది.

దారం. నీలం రంగు దారం.

ఆయన వేళ్ళు వాటంతట అవే దాని మీదికి పోయాయి. భార్య చెంచాతోనే ఆయన చేతి మీద ఒక్కటిచ్చింది.

"లాగితే గుడ్డ మొత్తం కుచ్చులు పడుతుందని మీకు నేను చెప్పాలా? లోపలున్నది దాని గొంతు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత తల తిప్పి ఇస్త్రీ బల్ల కింది పెట్టెకేసి చూశాడు. మెత్తగా, మందంగా పరిచిన నీలం ముక్కలు. కత్తిరించిన ప్రతి అంచుకూ పీచు. కొన్ని ముక్కలకు అంచులన్నీ నున్నగా ఊడిపోయి ఉన్నాయి, ఎవరో కూర్చుని ఓపిగ్గా పీకినట్టు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంటి దొంగ తన చేత్తోనే రోజూ కొత్త పక్క వేశాడు. జబ్బు చేసిందని తెలిశాక ఇంకా మెత్తనివి ఏరి, ఇంకా ఎక్కువ వేశాడు. నిన్న మధ్యాహ్నం అది దారాలు మింగుతుంటే, తింటోందని ఊరంతా వినేలా కేక పెట్టాడు.

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. భార్య ఆయన్ని ఓదార్చే పని పెట్టుకోలేదు. పెట్టెలో ముక్కలన్నీ దులిపేసి, పాత కాగితం పరిచి, బొత్తాంను అందులో పెట్టి, చెప్పులు తొడుక్కుంది. గూట్లో మెత్త తీసి పారెయ్యమని తల్లికి చెప్పింది. కొట్టు తలుపు కూడా తనే వేసింది.

పశువుల ఆసుపత్రి వరండాలో బల్ల మీద ఒక చివర చెవికి కట్టు కట్టిన పెద్ద కుక్క, రెండో చివర సంచిలోంచి తల బయట పెట్టిన పిల్లి. మధ్యలో మొగుడూ పెళ్ళాం, ఒళ్ళో అట్టపెట్టె. కుక్క పెట్టెను వాసన చూసింది. పిల్లి ఇంకా ఎక్కువ ఆసక్తిగా చూసింది. మాస్టారు పెట్టె మీదికి వంగి, ఆ రెంటికీ వీపు గోడలా అడ్డం పెట్టి కూర్చున్నాడు. పిలుపు వచ్చేదాకా అలాగే ఉన్నాడు. లేచేసరికి నడుం పట్టేసింది.

డాక్టరమ్మ మాటల్ని పొదుపుగా వాడే మనిషి. గొంతు కింద తడిమింది. నోరు తెరిచి లైటు వేసి చూసింది. మిగతా మూడూ ఎలా ఉన్నాయని అడిగింది. రంకెలేస్తున్నాయని తెలుసుకుంది. ఇది ఎవరికీ అంటే జబ్బు కాదని తేల్చేసింది. మాస్టారు మొహం వెలిగింది. ఆమె మాట అక్కడితో ఆగలేదు.

"ఉండ పెద్దది. నూనెకి దిగదు. కోసి తియ్యాలి. పిల్ల చిన్నది, నీరసంగా ఉంది, తట్టుకుంటుందని నేను మాటివ్వలేను. వదిలేస్తే మాత్రం ఆకలితో పోతుంది. ఏం చెయ్యమంటారు?"

మాస్టారు భార్యకేసి చూశాడు. ఆవిడ గోడ మీద ఆవు బొమ్మను చూస్తోంది. ఈ ఒక్క మాట ఆయనే చెప్పాలని ఆవిడ ఉద్దేశం.

పెట్టెలో బొత్తాం కాళ్ళు చాపి పడుకుంది. మొన్నటి దాకా ఆ కాళ్ళు మిషను పెడలు మీదికి ఎక్కి స్వారీ చేసేవి.

"కొయ్యండి," అన్నాడు మాస్టారు.

ఇంట్లో ఎవరి నోటా రానివ్వని మాట ఆయన నోటి నుంచే వచ్చింది.

కాంపౌండరు సెలవులో ఉన్నాడట. పట్టుకోవడానికి మనిషి కావాలంది డాక్టరమ్మ. చేతులు వణుకుతాయా అని అడిగింది. సూదిలో దారం ఎక్కించే చేతులని మాస్టారు చెప్పాడు. అయితే రండి అంది.

చిన్న సూదిమందు. కాస్త మేర ఈకలు తీసేశారు. తర్వాత బ్లేడు. మాస్టారు కళ్ళు మూసుకోవాలనుకున్నాడు. కానీ ఏళ్ళ అలవాటు, కత్తిరింపు జరుగుతుంటే ఆ కళ్ళు మూతపడవు. రెండు చేతుల మధ్య బొత్తాం గుండె కొట్టుకోవడం తెలుస్తోంది, మిషను వదులుగా తిరుగుతున్నట్టు టకటకటక. దాన్నే వింటూ నిలబడ్డాడు. ఒకచోట అది తప్పింది. ఆయన ఊపిరి కూడా దాంతోపాటు ఆగింది. డాక్టరమ్మ చెయ్యి ఆపి చూసింది.

టక. టకటక. మళ్ళీ అందుకుంది.

పట్టకారుతో ఆమె పట్టుకుని మెల్లగా బయటికి తీసింది. వస్తోంది, వస్తోంది, ఇంకా వస్తోంది. అంత చిన్న ఒంట్లో అంత దారం ఎలా పట్టిందో ఎవరికీ అర్థం కాలేదు. పళ్ళెంలో తడి ముద్దగా పడింది. మాస్టారు చూపు దాని మీదే ఉంది.

"నీలం బడిపిల్లలది. ఆ ఎర్రది కర్టెన్లు కుట్టినప్పటిది. తెల్లది కాలరు లోపల వేసేది. ఆ బూడిదరంగు..." ఆయన ఇంకాస్త వంగి చూశాడు. "ఆ బూడిదరంగు మా ఓనరుగారి ప్యాంటుది."

డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. మీ కొట్టు లెక్కంతా దీని కడుపులోనే ఉందే అంది. మాస్టారు నవ్వలేకపోయాడు. పక్క వేసింది తనేనని, జబ్బని తెలిశాక ఇంకా వేశానని చెప్పాడు. ఆమె సూదికి దారం ఎక్కిస్తూ విన్నది.

"మెత్తగా పడుకోవాలని వేశారు, విషం పెట్టలేదు కదా. దానికి మెత్త అక్కర్లేదు. పొడిగా ఉంటే చాలు. వడ్రంగి కొట్లో చెక్కపొట్టు తెచ్చి వెయ్యండి."

ఆ తర్వాత కుట్టింది. ముందు లోపలి సంచికి ఒక వరస, విడిగా. దాని మీద చర్మానికి ఇంకో వరస. మాస్టారు పెదవులు కదిలాయి. ముందు అస్తరు, ఆ పైన పైగుడ్డ అని తనలో తను అనుకున్నాడు. కుట్టెలా ఉంది అని ఆమె తల ఎత్తకుండానే అడిగింది. బాగుందండీ అన్నాడు. ఎదుటివాళ్ళ కుట్టు ఆయన నోటి నుంచి వంక లేకుండా బయటపడటం గుమ్మంలో నిలబడ్డ భార్య ఇదే మొదటిసారి వినడం.

ఇంటికి వచ్చేసరికి గేటు ముందు మోటారు సైకిలు ఆగి ఉంది. దాని వెనక వెదురు బుట్ట కట్టి ఉంది.

కోళ్ళవాడు అనుకున్నదానికంటే ముందే వచ్చేశాడు. ఓనరు చివరి మెట్టు మీద నిలబడి ఉన్నాడు. పెరటి దారిలో అత్తగారు కుర్చీ వేసుకుని అడ్డంగా కూర్చుని ఉంది. అల్లుడు వచ్చేదాకా ఒక్క ఈక కూడా కదలదని ఆవిడ ఇద్దరికీ చెప్పినట్టుంది. కోళ్ళవాడు ఆ కుర్చీ దాటే ప్రయత్నం చేసినట్టు లేదు. దూరంగా నిలబడి గోళ్ళు చూసుకుంటున్నాడు.

మాస్టారు డాక్టరమ్మ నంబరు కలిపి ఫోన్ ఓనరు చేతిలో పెట్టాడు. ఓనరు చెవికి ఆనించుకున్నాడు. విన్నాడు. ఏదో అడిగాడు. మళ్ళీ విన్నాడు. అంటురోగం మాత్రం కాదు కదా అని రెండుసార్లు రెండు రకాలుగా అడిగాడు. ఈలోగా భార్య కాగితం పొట్లం విప్పి చూపించింది. డాక్టరమ్మ ఇచ్చిన దారపు ముద్ద. ఓనరు ఫోన్ దించి దానిమీదికి వంగాడు.

"ఈ బూడిదరంగు నా ప్యాంటుదా?"

"కాళ్ళు పొట్టి చేశాం కదండీ," అంది మాస్టారు భార్య. "ఆ ముక్క."

ఓనరు తన కాళ్ళకేసి చూసుకున్నాడు. ఆ ప్యాంటే వేసుకుని ఉన్నాడు. తర్వాత కోళ్ళవాడి దగ్గరికి వెళ్ళి, ఇంత దూరం రప్పించినందుకు ఏమనుకోవద్దని చెప్పి పంపించేశాడు. వాడు బుట్ట సర్దుకుని వెళ్ళేటప్పుడు అత్తగారికి నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు.

మెట్లెక్కబోతూ ఓనరు ఆగాడు.

"ఖాళీ పంజరాలు కడగడం మీరెప్పుడూ చెయ్యలేదు మాస్టారూ. మళ్ళీ ఆ పని నా వల్ల కాదు. అందుకే అలా అన్నాను."

మాస్టారు తల ఊపాడు. ఈసారి ఆలోచించే ఊపాడు. పెట్టెలో ఉన్న చిన్నదాన్ని పోగొట్టుకోవడమంటే ఏమిటో ఆ పూట అంచుదాకా వెళ్ళి చూసొచ్చాడు కాబట్టి, ఓనరు మాటలో కోపగించుకోవడానికి ఏమీ కనపడలేదు. సాయంత్రానికి పైన పంజరాలు ఒక్కొక్కటే బాల్కనీలోకి తిరిగొచ్చాయి.

కానీ కథ అప్పుడే సగం. కోత పడ్డ పిల్ల తింటేనే బతుకుతుంది. ఆ రోజు తినలేదు. నీళ్ళు చెంచాతో పెడితే మింగింది, అంతే. మర్నాడు మేత నానబెట్టి మెత్తగా పిసికి పెట్టాలని డాక్టరమ్మ చెప్పి పంపింది. ఆ పని అత్తగారు చేతిలోకి తీసుకుంది. పొయ్యి దగ్గర కూర్చుని ముద్దను వేళ్ళతో మెదుపుతూ, పళ్ళు కదులుతున్న తనకు ఈ ఇంట్లో ఎన్నడైనా ఇంత మెత్తగా పెట్టారా అని గోడకు చెప్పుకుంది. గోడ అవతల కూతురు వింటోందని తెలుసు.

చేతిలో ముద్ద పెట్టుకుని మాస్టారు పెట్టె ముందు కూర్చున్నాడు. బొత్తాం చూసింది. మొహం తిప్పుకుంది. ఆయన అక్కడే ఉన్నాడు. బయట ఎవరో ప్యాంటు సంగతి అడిగారు, రేపు రమ్మని భార్య పంపేసింది. బొత్తాం మళ్ళీ చూసింది. మెడ ఒక వంకకు వంచి, ఒంటి కన్నుతో ఆ ముద్దను అనుమానంగా పరీక్షించింది. దారాలతో ఒకసారి మోసపోయినదానికి ఆ అనుమానం ఉండాల్సిందే.

టక్.

అరచేతిలో చురుక్కుమంది. ఇంకోసారి. మరోసారి. ఆయన ఈసారి కేక పెట్టలేదు. ఎడంచేత్తో గొంతు కింద మెల్లగా తడిమి, తిన్నది నిజంగా మేతేనని, లోపలికి చేరిందని నిర్ధారించుకున్నాడు. అప్పుడు కూడా ఎవరికీ చెప్పకుండా కాసేపు తనే ఉంచుకున్నాడు ఆ సంగతి. మర్నాడు పొద్దున్న ముందుగా చేసిన పని మళ్ళీ అక్కడే వేళ్ళు పెట్టడం. ఖాళీ. తడుముకుంటే ఏమీ దొరకని చోటు అంత సంతోషం ఇస్తుందని ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు.

కుట్లు ఆరేదాకా బొత్తాం ఇస్త్రీ బల్ల కిందే ఉంది. ఒంట్లో శక్తి వస్తున్నకొద్దీ నోరు లేచింది. ఆకలైతే ఇల్లెగిరిపోయేలా అరిచేది. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళ బూట్ల లేసులు చూసి మెడ చాచేది. లేసు బూట్లవాళ్ళు బయటే విప్పి రావాలని మాస్టారు కొత్త రూలు పెట్టాడు. కొట్టు నేల రోజుకు రెండుసార్లు ఊడుస్తున్నాడు. దారపు ముక్క కనిపిస్తే భార్యకేసి చూస్తున్నాడు. తప్పు తనది కాదన్నట్టు ఆవిడ కాజా మీదికి వంగుతోంది. తప్పు ఎవరిదైనా, ఎత్తేది ఆయనే.

చివరకు డాక్టరమ్మ కుట్లు చూసి, ఇక బయట వదలొచ్చంది.

ఎండ బాగా ఎక్కాక మాస్టారు బొత్తాంను పెరట్లోకి తీసుకెళ్ళి దించాడు. నేలంతా శుభ్రంగా ఉంది. గూట్లో చెక్కపొట్టు పసుప్పచ్చగా మెరుస్తోంది. కాలరు, జేబు, బెల్టు మూడూ మెడలెత్తి కొత్త మనిషిని చూసినట్టు చూశాయి. కాలరు వచ్చి తల మీద ఒక్కటి పొడిచింది. మాస్టారు ముందుకు కదిలాడు. భార్య వెనక నుంచి ఆయన చొక్కా పట్టుకుని ఆపింది.

బొత్తాం ఒక అడుగు వెనక్కి వేసింది. ఈకలు లేపింది. జబ్బు నాటి ఉబ్బు కాదది, కోపం. ఎగిరి కాలరు రొమ్ము మీద కాళ్ళతో తన్నింది. కాలరు ఆశ్చర్యపోయి పక్కకు తప్పుకుంది. అంతటితో గొడవ అయిపోయింది. ఆ తర్వాత నాలుగూ గోడవారన వదులు మట్టిలో పడి దొర్లడం మొదలుపెట్టాయి.

మాస్టారు మేత గిన్నె పట్టుకుని పేరు పెట్టి పిలిచాడు. ఇన్నాళ్ళూ ఆయన చేతిలో తప్ప తిననిది, ఒళ్ళో తప్ప నిద్రపోనిది తల కూడా తిప్పలేదు. మళ్ళీ పిలిచాడు. బెల్టు వచ్చింది.

ప్యాంటు కోసం ఒకాయన వచ్చి కూర్చున్నాడని, ఈసారి రేపు రమ్మనడానికి తనకు మొహం లేదని భార్య చెప్పి లోపలికి వెళ్ళింది. వస్తున్నానన్నాడు. గిన్నె నేల మీద పెట్టాడు. బెల్టు నాలుగు గింజలు ఏరుకుని మళ్ళీ మట్టిలోకి పరిగెత్తింది. వెంటనే మాత్రం కదల్లేదు. గోడవారన దుమ్ము లేస్తోంది. ఆ దుమ్ములో నాలుగు వీపులు కనిపిస్తున్నాయి. వాటిలో ఏది బొత్తామో ఆయనకే తెలియలేదు.